మిక్కీ మాంటిల్ మోకాలు



ఈ శీర్షికలో ఆటగాళ్ల గురించి వ్రాయుట మాకు అలవాటు లేదు. అందులోను మన ఊళ్లలో ఎవరూ ఆడని, టీవీలో వచ్చినా ఎవరూ చూడని బేస్‌బాల్ గురించి! అయినను ఈ నెల ఆ ఆటలో గొప్ప పేరు సంపాదించిన ఒక అమెరికా దేశస్థుని సంగతి కొంచెము వివరముగా వ్రాయదలచాము. దానికి కారణమున్నది. "ఆ దెబ్బ తగలకపోయి ఉంటే వాడు ఎక్కడో ఉండేవాడండీ" అనే మాట ఇళ్లు దర్శించునప్పుడు మేము ఎన్నోసార్లు విన్నాము. ఆ మాట ఎంతవరకు నిజము? ఎక్కడ నుండి అది నిజము కాకుండా పోవును? మిక్కీ మాంటిల్ అనే ఆ మనుష్యుని జీవితములో ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ జవాబు చెప్పినది పత్రికలవారు కాదు, ఆయనే.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. క్రికెట్ తెలిసినవారికి ఇది కష్టము కాదు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు గుండ్రని కర్రతో కొడతాడు. కొట్టినవాడు 90 అడుగుల దూరములో ఉన్న మొదటి బేసుకు పరుగెత్తాలి. అక్కడ నుండి రెండవదానికి, మూడవదానికి, తిరిగి బయలుదేరిన చోటికి. అలా నాలుగు మూలలు చుట్టి వస్తే ఒక పరుగు. బంతిని కంచె దాటిస్తే దానిని హోమ్ రన్ అంటారు. మన సిక్సర్ వంటిదే గాని, దానికన్నా అరుదైనది. ప్రతి సంవత్సరము ఆటల కాలము చివర రెండు లీగుల విజేతలు తలపడే పోటీ పేరు వరల్డ్ సిరీస్. ఆటగాళ్ల బూట్ల క్రింద, జారిపోకుండా, ఇనుప మేకులు ఉంటాయి. ఈ మేకుల సంగతి కాసేపు జ్ఞాపకముంచుకొనండి.

మాంటిల్ 1931 అక్టోబరు 20న ఓక్లహోమా రాష్ట్రములోని స్పావినా అనే పల్లెలో పుట్టాడు. పెరిగినది కామర్స్ అనే గని ఊరిలో. తండ్రి మట్ మాంటిల్ సీసము, జింకు త్రవ్వే గనిలో పనివాడు. ఆయనకు బేస్‌బాల్ అంటే ప్రాణము. కొడుకు పుట్టగానే మిక్కీ కాక్రేన్ అనే ప్రసిద్ధ ఆటగాని పేరు పెట్టుకొన్నాడు. ప్రతి సాయంత్రము గని నుండి వచ్చి, స్నానము చేసీ చేయకముందే, రేకుల షెడ్డు దగ్గర పిల్లవానిని నిలబెట్టేవాడు. తండ్రిది కుడిచేతి వాటము, తాతది ఎడమచేతి వాటము. తండ్రి బంతి వేసినప్పుడు పిల్లవాడు ఎడమవైపు తిరిగి కొట్టాలి, తాత వేసినప్పుడు కుడివైపు తిరిగి కొట్టాలి. ఆ విధముగా రెండు వైపుల నుండి సమానమైన బలముతో కొట్టగలిగే ఆటగాడు తయారయ్యాడు. అటువంటివారు ఆ ఆటలో బహు కొద్దిమంది.

మొదటి దెబ్బ బేస్‌బాల్‌లో తగిలినది కాదు. 1946లో హైస్కూలులో ఫుట్‌బాల్ అభ్యాసము చేయుచుండగా ఎవరిదో కాలు వచ్చి అతని ఎడమ కాలికి తగిలింది. పిల్లల ఆటలో తగిలే దెబ్బే. కాని కాలు వాచింది, జ్వరము వచ్చింది, ఎముకలో చీము పట్టింది. దీనిని డాక్టర్లు ఆస్టియోమైలైటిస్ అంటారు. కాలు తీసివేయవలసి వచ్చునేమో అనే మాట కూడా వచ్చింది. తల్లిదండ్రులు అతనిని ఓక్లహోమా నగరములోని పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయారు. అప్పుడప్పుడే సామాన్యులకు అందుబాటులోకి వచ్చుచున్న పెన్సిలిన్ సూదిమందు ఆ కాలును కాపాడింది. నాలుగైదు సంవత్సరములు ముందు ఆ దెబ్బ తగిలి ఉంటే ఈ కథే లేదు.

అయితే ఆ ఎముక జబ్బు మరొక విధముగా అతని వెంటబడింది. 1950లో కొరియా యుద్ధము మొదలైనప్పుడు యౌవనస్థులందరినీ సైన్యమునకు పిలుస్తున్నారు. మాంటిల్ కాలును చూచిన సైనిక వైద్యులు ఇతడు పనికిరాడన్నారు. బంతిని అంత దూరము కొట్టేవాడు, లేడిపిల్లలా పరుగెత్తేవాడు సైన్యానికి పనికిరాడా అని జనులకు కోపము వచ్చింది. పిరికివాడని ఉత్తరములు వ్రాశారు, మైదానములో హేళన చేశారు. తరువాతి రోజులలో అదే కాళ్లను చూచి అదే జనులు కన్నీరు పెట్టుకొన్నారు. కంటికి కనబడని జబ్బును మనుష్యులు త్వరగా నమ్మరు. కట్టు కనబడితేనే జాలిపడతారు.

1951లో, పందొమ్మిదేండ్ల వయసులో, అతడు న్యూయార్క్ యాంకీస్ జట్టులో చేరాడు. జట్టులో జో డిమాజియో అనే మహా ఆటగాడు తన చివరి సంవత్సరము ఆడుతున్నాడు. అతని స్థానమునకు ఈ పల్లెటూరి కుర్రవాడే వారసుడని పత్రికలు వ్రాశాయి. అంత బరువు మోయలేక కుర్రవాడు తడబడ్డాడు. జూలైలో అతనిని కాన్సాస్ సిటీలోని క్రింది స్థాయి జట్టుకు పంపివేశారు. అక్కడ కూడా ఆట సాగక తండ్రికి ఫోను చేసి, ఇక ఆడలేనన్నాడు. తండ్రి బండి వేసుకొని వచ్చాడు. ఓదార్పు మాటలు చెబుతాడని కుర్రవాడు ఎదురుచూశాడు. ఆయన ఏమీ చెప్పకుండా కొడుకు బట్టలు పెట్టెలో సర్దడము మొదలుపెట్టి, ఇంటికి వచ్చి నాతోపాటు గనిలో పని చేసుకో, నేను మగవానిని పెంచాననుకొన్నాను అన్నాడట. కుర్రవాడు ఏడ్చి, ఉంటానని బ్రతిమాలుకొన్నాడు. కొద్ది వారములలోనే తిరిగి న్యూయార్క్ చేరాడు. పిల్లలను ఆ రీతిగా గద్దించుట మంచిదా అని అడిగితే మేము అవునని చెప్పలేము. ఆ మాట అతని గుండెలో ఎంత లోతుకు దిగినదో నలభై సంవత్సరముల తరువాత గాని బయటపడలేదు.

ఇక 1951 అక్టోబరు 5. యాంకీ స్టేడియములో వరల్డ్ సిరీస్ రెండవ ఆట. డిమాజియో మధ్య స్థానములో, మాంటిల్ అతనికి కుడి ప్రక్కన నిలబడి ఉన్నారు. డిమాజియో మడమ చాలాకాలముగా బాగుండలేదు. పెద్దాయన పరుగెత్తలేడు, అందగలిగిన బంతులన్నీ నీవే పట్టుకో అని మేనేజర్ కేసీ స్టెంగెల్ తనకు చెప్పాడని మాంటిల్ తరువాత జ్ఞాపకము చేసుకొన్నాడు. ఐదవ ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు కుర్రవాడు ఒకడు బంతిని ఇద్దరి మధ్యకు లేపాడు. ఆ కుర్రవాని పేరు విల్లీ మేస్. అతనికీ అది మొదటి సంవత్సరమే. మాంటిల్ గాలిలా పరుగెత్తి వచ్చాడు. దగ్గరకు వచ్చేసరికి నేను పడుతున్నాను అని డిమాజియో కేక వేశాడు. పెద్దాయనను గుద్దుకొనకూడదని కుర్రవాడు హఠాత్తుగా ఆగబోయాడు. ఆ క్షణమున అతని బూటు మేకు గడ్డిలో ఉన్న నీటి తూము మూతకు తగులుకొన్నది. పాదము ఆగిపోయింది, దేహము ఆగలేదు. కుడి మోకాలు మెలి తిరిగి, అతడు తుపాకి దెబ్బ తగిలినవానిలా కూలిపోయాడు. బంతిని డిమాజియో పట్టుకొన్నాడు.

ఒక వృద్ధ ఆటగాని మడమ నొప్పి, ఒక యువకుని మర్యాద, ఒక తూము మూత. వీటిలో ఎవరినీ నిందించుటకు లేదు.

మరునాడు తండ్రి అతనిని టాక్సీలో ఆసుపత్రికి తీసుకొనిపోయాడు. దిగేటప్పుడు కాలు మోపలేక మాంటిల్ తండ్రి భుజము మీద బరువు వేశాడు. జీవితమంతా గనిలో బరువులు మోసిన ఆ తండ్రి అక్కడే కాలిబాట మీద కుప్పకూలాడు. తండ్రీ కొడుకులను ఒకే గదిలో ప్రక్క ప్రక్క మంచముల మీద పండుకోబెట్టారు. మిగిలిన ఆటలను ఇద్దరూ టీవీలో చూశారు. తండ్రికి హాడ్జ్‌కిన్స్ అనే రకపు క్యాన్సరు ఉన్నదని ఆ పరీక్షలలో తేలింది. 1952 మే నెలలో ఆయన చనిపోయాడు. వయసు 40 సంవత్సరములే. మోకాలి దెబ్బను గూర్చి వ్రాసినవారు ఎందరో ఉన్నారు. మాకైతే ఆ అక్టోబరులో ఆ కుర్రవానికి తగిలిన పెద్ద దెబ్బ ఆ టాక్సీ ప్రక్కన తగిలినదే అనిపించును.

ఆ మోకాలిలో ఏమి తెగినదో ఆనాడు సరిగా చూడగలిగే యంత్రములు లేవు. తొడ ఎముకను కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే ముఖ్యమైన లిగమెంటు ఆనాడే తెగిపోయి ఉండవచ్చునని, అది లేకుండానే అతడు మిగిలిన కాలమంతా ఆడి ఉండవచ్చునని తరువాతి కాలపు వైద్యులు అభిప్రాయపడ్డారు. ఈనాడైతే ఆ లిగమెంటు స్థానములో దేహములోని మరొక చోటి నుండి తీసిన కట్టును అమర్చుతారు. సంవత్సరము తిరిగేసరికి ఆటగాడు మైదానములో ఉంటాడు. కాలము ఎంత తేడా చేస్తుందో ఇదే ఆటలో చూడవచ్చును. శాండీ కోఫాక్స్ అనే గొప్ప బౌలర్ మోచేతి కీళ్లవాతముతో 1966లో, 30 ఏండ్లకే, మంచి ఊపులో ఉండగా ఆట మానివేశాడు. ఎనిమిది సంవత్సరముల తరువాత, 1974లో, టామీ జాన్ అనే మరొక బౌలర్ మోచేతిలో లిగమెంటు తెగితే ఫ్రాంక్ జోబ్ అనే సర్జన్ అతని ముంజేతి నుండి ఒక కట్టు తీసి అక్కడ అమర్చాడు. టామీ జాన్ 1989 వరకు ఆడాడు. దెబ్బ ఏదైనా, అది ఏ సంవత్సరములో తగిలినదన్నది కూడా ఒక మనిషి చరిత్రను నిర్ణయిస్తుంది.

మాంటిల్ ఆ కాలితోనే ఆడాడు. 1953లో మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఎడమవైపు తిరిగి కొట్టేటప్పుడు కుడి కాలు ముందుంటుంది గనుక, బంతి తగలక కర్ర ఖాళీగా తిరిగినప్పుడెల్లా ఆ మోకాలు మడతపడేది. మైదానమంతటికీ అతని ముఖములో నొప్పి కనబడేది. 1957 వరల్డ్ సిరీస్‌లో ఎదుటి ఆటగాడు అతని కుడి భుజము మీద పడ్డాడు. ఆ భుజము మరెన్నడూ పూర్తిగా బాగుపడలేదు. 1961లో జలుబు తగ్గుటకు తుంటి దగ్గర వేసిన ఇంజెక్షన్ చీముపట్టి కురుపైంది. ఆ ఏడు అతడు, అతని సహ ఆటగాడు రాజర్ మారిస్ ఇద్దరూ బేబ్ రూత్ 60 హోమ్ రన్ల పాత రికార్డును తరుముతున్నారు. మారిస్ 61 కొట్టాడు. మాంటిల్ 54 దగ్గర ఆగిపోయి ఆసుపత్రిలో పడ్డాడు. తరువాత వరల్డ్ సిరీస్‌లో ఆడుచుండగా ఆ కురుపు నుండి రక్తము కారి బట్టల మీదికి వచ్చింది. 1962లో తొడ కండరము తెగింది. 1963 జూన్‌లో బాల్టిమోర్‌లో బంతి కోసము కంచె మీదికి ఎగురగా పాదము కంచె తీగలలో చిక్కుకొని విరిగింది. ఆ సంవత్సరము ఆడినది 65 ఆటలే.

ప్రతి ఆటకు ముందు బట్టలు మార్చుకొనే గదిలో కూర్చొని అతడు తొడ మొదలు కాలి గిలక వరకు పట్టీలు చుట్టుకొనేవాడు. ఇతర జట్ల ఆటగాళ్లు ఎప్పుడైనా ఆ దృశ్యము చూస్తే మాటలాడకుండా బయటకు వచ్చేవారట.

ఇన్ని దెబ్బలు తిన్నవాడు ఏమి సాధించాడు? 18 సంవత్సరములు, 2,401 ఆటలు, 536 హోమ్ రన్లు. విరమించే నాటికి హోమ్ రన్లలో అతనికంటె ముందున్నవారు ఇద్దరే. 1956లో సగటు, హోమ్ రన్లు, జట్టుకు తెచ్చిపెట్టిన పరుగులు, ఈ మూడింటిలోను మొదటివాడయ్యాడు. శ్రేష్ఠ ఆటగాడనే బహుమానము మూడుసార్లు, 1956, 1957, 1962లలో. వరల్డ్ సిరీస్ విజయములు ఏడు. ఆ పోటీలలో కొట్టిన 18 హోమ్ రన్లు ఇప్పటికీ ఎవరూ దాటని లెక్క. ఇది ఓడిపోయినవాని చరిత్ర కాదు గదా! అయినను చివరి రెండేండ్లు పరుగెత్తలేక మొదటి బేసు దగ్గర నిలబడి ఆడవలసి వచ్చింది. మొత్తము సగటు .298కి పడిపోయింది. అంటే వెయ్యి అవకాశములకు 298 సార్లు బంతిని చక్కగా కొట్టి బేసు చేరాడన్నమాట. మూడు వందలు దాటి ఉండవలసినది, చివర చేజేతులా పోగొట్టుకొన్నానని ఆయన చనిపోయే వరకు బాధపడ్డాడు. 1969 మార్చి 1న ఆట విరమించాడు.

అక్కడ నుండి "అయి ఉంటే" అనే కథ ఆరంభమైంది. రెండు కాళ్లు బాగుండి ఉంటే ఎన్ని కొట్టేవాడు? ఏడు వందలా, ఎనిమిది వందలా? ఆ రోజు బంతి కొట్టిన విల్లీ మేస్ 1973 వరకు ఆడి 660 హోమ్ రన్లు కొట్టాడు. 2024లో, 93 ఏండ్ల వయసులో, కన్నుమూశాడు. ఆ ఇద్దరిలో ఎవరు గొప్ప అని అమెరికాలో తాతలు మనుమలతో ఇప్పటికీ వాదిస్తారు. మేస్ పేరు చెప్పేటప్పుడు అతడు చేసినది చెబుతారు. మాంటిల్ పేరు చెప్పేటప్పుడు చేసినదీ చెబుతారు, చేసి ఉండవలసినదీ చెబుతారు. ఆ రెండవదే అతనిని ఇంకా పెద్దవానిని చేసింది. 1952లో చూయింగ్ గమ్‌తోపాటు అమ్మిన అతని బొమ్మ గల అట్ట ముక్క ఒకటి 2022 ఆగస్టులో వేలములో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. దెబ్బ తిన్న వీరుని మనుష్యులు ప్రేమించినంతగా, దెబ్బ తగలని వీరుని ప్రేమించరేమో.

కాని ఆ కథలో ఒక భాగమును అందరూ ప్రేమతో దాచిపెట్టారు. అది త్రాగుడు. తండ్రి 40 ఏండ్లకే పోయాడు. చిన్నాన్నలిద్దరు కూడా చిన్న వయసులోనే పోయారు. మా ఇంటి మగవాళ్లు నలభై దాటరు అనే తలంపు మాంటిల్ మనసులో పాతుకొనిపోయింది. రేపు లేనివానికి జాగ్రత్త ఎందుకు? ఆట ముగియగానే బారులు, రాత్రంతా స్నేహితులు. మరునాడు మత్తు దిగకుండానే మైదానమునకు వచ్చి హోమ్ రన్ కొట్టిన కథలను పత్రికలవారు నవ్వుతూ చెప్పుకొన్నారు. ఇంత కాలము బ్రతుకుతానని తెలిసి ఉంటే ఒంటిని మరికొంచెము జాగ్రత్తగా చూసుకొనేవాడినని ముసలితనములో ఆయన హాస్యమాడేవాడు. సభలలో అందరూ నవ్వేవారు. ఇంటిలో నవ్విన వారెవరూ లేరు. భార్య మెర్లిన్, నలుగురు కుమారులు. కుమారులు పెద్దవారైన తరువాత తండ్రితో కలసి కూర్చొనే చోటు కూడా త్రాగే బల్లే అయింది. ఈ సంగతులు మేము ఊహించి వ్రాయుట లేదు. ఆయన పోయిన తరువాత 1996లో భార్యయు కుమారులును కలసి తమ కుటుంబమును గూర్చి ఒక పుస్తకము వెలువరించి, వారే చెప్పారు.

ప్రియులారా, ఇటువంటి ఇల్లు అమెరికాలోనే ఉన్నదని మనము అనుకొనకూడదు. తాటిచెట్టు మీద నుండి పడినవాడు, ట్రాక్టరు క్రింద కాలు నలిగినవాడు మన మధ్య కూడా ఉన్నారు. వారి బాధ నిజము. ఆ నొప్పికి మొదటి గ్లాసు పోసుకొన్నాడని అంటారు, కొన్నిసార్లు అదియు నిజమే. పదేండ్ల తరువాత పోసుకొనే గ్లాసుకు కూడా ఆ చెట్టే కారణమని తల్లి అంటుంది, భార్య అంటుంది, చివరకు చిన్నపిల్లలు కూడా అంటారు. అది అతని మీద ప్రేమ చేతనే అంటారు. అయితే ఆ మాట ఆ మనిషికి ఏమాత్రము మేలు చేయలేదు.

మాంటిల్ విషయములో ఆ మాటను త్రోసివేసినవాడు మాంటిలే. ముందుగా కుమారుడు డానీ 1993లో త్రాగుడు మాన్పించే బెట్టీ ఫోర్డ్ చికిత్సాలయములో చేరాడు. తండ్రికి అది గుచ్చుకొన్నది. అతని కాలేయమును పరీక్షించిన డాక్టరు, ఇక మీరు త్రాగే గ్లాసు చివరిది కావచ్చునని చెప్పాడు. 1994 జనవరిలో, 62 ఏండ్ల వయసులో, మాంటిల్ కొడుకు వెళ్లిన చోటికే వెళ్లాడు. అక్కడ చనిపోయిన తండ్రికి ఒక ఉత్తరము వ్రాయమన్నారు. పది నిమిషములలో వ్రాశాడు గాని, వ్రాసినంత సేపు ఏడ్చాడు. మీరు నాకు తండ్రిగా ఉన్నట్లు నేను నా పిల్లలకు ఉండలేదని, మిమ్ములను ప్రేమిస్తున్నానని మీతో ఎన్నడూ చెప్పలేదని ఆ ఉత్తరములో వ్రాసినట్లు ఆయనే తెలిపాడు. బయటకు వచ్చిన కొద్ది వారములకే, మార్చిలో, కుమారుడు బిల్లీ 36 ఏండ్లకే గుండె ఆగి చనిపోయాడు. అప్పుడు కూడా తండ్రి మరల గ్లాసు పట్టలేదు.

ఆ ఏప్రిల్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అనే వారపత్రికలో ఆయన తన త్రాగుడు సంగతి అంతా చెప్పాడు. దానిలో ఒక చోటును మేము మరల మరల చదివాము. గాయముల వల్ల నా ఆట త్వరగా ముగిసినదని అందరూ నాకు సాకు వెదకుతారు, నిజము అది కాదు అన్నాడు. మోకాలికి ఆపరేషన్ అయిన తరువాత కాలికి బలము వచ్చుటకు డాక్టర్లు వ్యాయామములు చెప్పేవారట. ఆయన చేసేవాడు కాదు. ఎలాగూ బాగవుతుంది లెమ్మని త్రాగుటకు పోయేవాడు. నలభై సంవత్సరములుగా లోకమంతయు తూము మూత మీద పెట్టిన నేరములో తన వాటా ఎంతో ఆయనే లెక్క కట్టి చెప్పాడు. పాఠకులు ఒకటి గమనించవలెను. మోకాలు తెగినది అబద్ధమని ఆయన అనలేదు. ఎముక జబ్బు నిజము, తూము నిజము, విరిగిన పాదము నిజము. వీటి తరువాత ఎవరూ చేయని దెబ్బ మరొకటి ఉన్నదని, అది తన చేతి పని అని మాత్రము అన్నాడు.

1995 జూన్ 8న డల్లాస్‌లోని బేలర్ ఆసుపత్రిలో ఆయనకు మరొకరి కాలేయమును అమర్చారు. త్రాగుడు వలన, హెపటైటిస్ సి వలన, క్యాన్సరు వలన ఆయన కాలేయము అప్పటికే పాడైపోయింది. పేరున్నవాడు గనుక ఇంత త్వరగా దొరికినదని చాలామంది సణిగారు. వరుసలో ఆయనకంటె జబ్బు ముదిరినవారు లేరని ఆసుపత్రివారు జవాబిచ్చారు. ఆ సణుగుడు అన్యాయమని మేము అనము. వరుసలో నిలబడిన ప్రతి ఇంటివారికి ఆ ప్రశ్న అడుగుటకు హక్కున్నది. జూలై 11న ఆయన విలేఖరుల ముందుకు వచ్చాడు. ఎద్దులాంటి మెడగల ఆ మనిషి ఎముకల గూడుగా మారిపోయాడు, తల మీద టోపీ వదులై పోయింది. దేవుడు నాకు మంచి దేహమును, ఆడే సామర్థ్యమును ఇచ్చాడు, నేను దానిని వ్యర్థము చేశాను, నన్ను ఆదర్శముగా తీసుకొనవద్దు, నావలె ఉండవద్దు అని పిల్లలకు చెప్పాడు. మీరు అవయవదానమునకు సంతకము చేశారా అని ఒకరు అడిగితే, నా ఒంటిలో ఉన్నవన్నీ అరిగిపోయాయి గదా అన్నాడు. అయినా అవయవదానమును ప్రోత్సహించుటకు తన పేర ఒక సంస్థ ప్రారంభింపజేశాడు.

క్యాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకింది. ఆ చివరి దినములలో చూడవచ్చిన వారిలో బాబీ రిచర్డ్‌సన్ ఉన్నాడు. యాంకీస్ జట్టులో ఆయన 1966 వరకు మాంటిల్‌తో కలసి ఆడాడు. ఆ జట్టులో ఎన్నడూ త్రాగనివారిలో ఒకడు, క్రీస్తును గూర్చి మొహమాటము లేకుండా మాట్లాడేవాడు. నవ్విన స్నేహితులు కూడా ఆయనను గౌరవించేవారు. రిచర్డ్‌సన్ మంచము దగ్గరకు వచ్చేసరికి మాంటిల్ చిరునవ్వుతో, నేను క్రీస్తును నా రక్షకునిగా అంగీకరించానని నీకు చెప్పాలని ఎదురు చూస్తున్నాను అన్నాడని రిచర్డ్‌సన్ సాక్ష్యము. ఆయన భార్య కూడా ప్రక్కన కూర్చొని మరల అడిగి, ఏ ఆధారముతో చెబుతున్నావని తెలిసికొన్నదట. మంచము మీది మారుమనస్సును గూర్చి ఎగతాళిగా మాట్లాడేవారున్నారు. మేము అటువంటి మంచముల ప్రక్కన కూర్చొన్నాము గనుక ఎగతాళి చేయలేము. అంతమాత్రము చేత ఆయనను పరిశుద్ధుల పటములలో చేర్చవలెనని కూడా మేము అనము. భార్యా బిడ్డలు పోగొట్టుకొన్న సంవత్సరములు తిరిగి రాలేదు.

1995 ఆగస్టు 13న, 63 ఏండ్ల వయసులో, ఆయన చనిపోయాడు. తాను దాటలేనని భయపడిన నలభైకి మీద ఇరువది మూడు సంవత్సరములు. రెండు దినముల తరువాత డల్లాస్‌లోని మెథడిస్టు దేవాలయములో భూస్థాపన ఆరాధన జరిగింది. పాత ఆటగాళ్లందరు బెంచీల మీద కూర్చొని ఉండగా రిచర్డ్‌సన్ నిలబడి వాక్యము చెప్పాడు. ముందు వరుసలో మెర్లిన్, మిగిలిన ముగ్గురు కుమారులు ఉన్నారు.